ఐదో జోన్

రమాకాంత్ మొహం మీద నవ్వు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, చచ్చిపోవడం చూడాలని గురునాథరావు ఏడాదిగా బతుకుతున్నాడు. పొద్దున్నే ఉక్కు ప్లాంట్ గేటు దగ్గర సైకిల్ దిగేటప్పుడూ అదే ధ్యాస, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నప్పుడూ అదే ధ్యాస. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆగిపోయేది.

"మళ్లీ ఆ ఆఫీసరోడేనా? ఆడిక్కూడా ఓ కంచం ఎట్టీమంటావేటి?" అనేది భార్య భాగ్యరేఖ.

"ఎట్టు. ఆడు తింటంటే పీక నొక్కుతాను."

"నొక్కుదువులే. ముందు పప్పు సల్లారిపోతంది, తిను."

ఆ పగకి మూలం ఒక ఫుట్‌బాల్ కప్పు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, దుర్గ్, చుట్టుపక్కల పల్లెల కాలేజీలన్నిటికీ కలిపి ఏటా చలికాలంలో ఆ పోటీ జరుగుతుంది. ఆఖరికి పన్నెండు జట్లు నిలుస్తాయి. పోటీ కమిటీకి కార్యదర్శి రమాకాంత్. ప్లాంట్‌లో పెద్ద ఆఫీసరు. ప్లాంట్ టౌన్‌షిప్పు సెక్టారులోని పెద్ద కాలేజీలో చదివినవాడు, ఇప్పుడు ఆ కాలేజీ జట్టుకి పెద్దదిక్కు. కప్పుకి రూలు రాసిందీ ఆయనే. ప్రాంతాన్నంతా నాలుగు జోన్లు చేశాడు: టౌన్‌షిప్పు, భిలాయి, దుర్గ్, పల్లెలు. జోన్‌లో మొదట నిలిచిన జట్టు ఎంత బోడిదైనా సరే, నేరుగా సీడు. సీడు జట్టుకి మొదటి రౌండు లేదు. మిగతా ఎనిమిది జట్లూ గురువారం మైదానంలో ఒకళ్లనొకళ్లు చంపుకుంటుంటే, సీడు జట్లు నాలుగూ గ్యాలరీలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటాయి. శుక్రవారం, అలిసిపోయినవాళ్ల మీదికి తాజాగా దిగుతాయి. శనివారం సెమీఫైనల్, ఆదివారం ఫైనల్. ఊపిరి పీల్చుకునే రోజు మధ్యలో ఎక్కడా లేదు.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. గెలిచినవాడికి విశ్రాంతి, తప్పేముంది? కాని టౌన్‌షిప్పు జోన్‌లో ఉన్నవే మూడు కాలేజీలు. ఒకదానికి గోల్‌కీపర్ లేక క్రికెట్ ఆడే కుర్రాణ్ణి తెచ్చి నిలబెడతారు. ఇంకోదానికి పదకొండు మంది కుదిరిన రోజు పండగే. భిలాయి జోన్‌లో అయితే తొమ్మిది కాలేజీలు, ఏ ఆట చూసినా నెత్తురు కారాల్సిందే. అక్కడ రెండో స్థానంలో నిలిచిన జట్టు టౌన్‌షిప్పు చాంపియన్‌ని మామూలు రోజున నమిలి ఊసేస్తుంది. అందుకే రమాకాంత్ మామూలు రోజు అన్నది రానిచ్చేవాడు కాదు.

గురునాథరావు నిరుడు భిలాయిలో కోహ్కా అన్న పేటలోని ఒక కాలేజీకి కోచ్‌గా ఉండేవాడు. కోచ్ అన్నది పేరుకే, జీతం లేదు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంట్‌లో పర్మనెంట్‌గా చేసి పోయాడు. కొడుకు ఎనిమిదితో బడి మానేసి కాంట్రాక్టు కూలీ అయ్యాడు. కాలేజీ మెట్లెక్కని మనిషిని కాలేజీ పిల్లలు 'సార్' అని పిలిచేది సాయంత్రాలు మాత్రమే. ఆ సాయంత్రాల్లోనే అతను ఒక జట్టుని తయారుచేశాడు. భిలాయి జోన్‌లో ఒక్క గోలు తేడాతో రెండోవాళ్లయ్యారు. గురువారం ఆడారు, గెలిచారు. శుక్రవారం గెలిచారు. శనివారం గెలిచారు. ఆదివారం రమాకాంత్ కాలేజీ ఎదురొచ్చింది.

రెండో సగంలో పిల్లలకి పిక్కలు పట్టేయడం మొదలైంది. మార్చడానికి బెంచీ మీద మనిషి మిగల్లేదు. ముందు వరసలో ఆడుతున్న లక్ష్మీప్రసాద్ గురునాథరావుకి స్వయానా చెల్లెలి కొడుకు. ఆ మరుసటి నెలలో వాడికి రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ ఉన్నాయి. కాలు ఈడుస్తున్నాడని చూసి, పదిమందే మిగిలినా సరేనని మేనమామ బయటికి రమ్మన్నాడు.

"లేదు మావా. నానుంతాను. పది నిమిసాలే గదా" అన్నాడు వాడు.

ఆ పది నిమిషాల్లో మోకాలు తిరిగిపోయింది. ఆట పోయింది, ట్రయల్స్ పోయాయి, పరుగన్నదే పోయింది.

వాడి కాలు ఒళ్లో పెట్టుకుని మైదానం అంచున టచ్‌లైన్ దగ్గర కూర్చున్న గురునాథరావు ముందు నుంచే రమాకాంత్ కప్పు పట్టుకుని వెళ్తున్నాడు.

"ఇదేటి నేయం సార్? మీవోలు మూడాటలు, మావోలు నాలుగు" అన్నాడు గురునాథరావు.

రమాకాంత్ ఆగాడు. నవ్వాడు. కోపం లేని, తొందర లేని, భోజనం చేసి చెయ్యి కడుక్కున్నవాడి నవ్వు. "వచ్చే ఏడు జోన్ గెలుచుకుని రా, రావ్. రూల్ ఈజ్ రూల్. నాకైనా నీకైనా ఒక్కటే." కిందికి వంగి లక్ష్మీప్రసాద్ తలని కుక్కపిల్లని నిమిరినట్టు నిమిరి వెళ్లిపోయాడు.

గురునాథరావు ఫిర్యాదు చేస్తానని ఊరంతా తిరిగాడు. పెద్దమనిషితో గొడవెందుకని కోహ్కా కాలేజీవాళ్లు అతన్నే రావద్దన్నారు.

రిసాలీలో కొత్తగా పెట్టిన కాలేజీ ఒకటి పిలిచింది. అక్కడే అతనికి ఆయుధం దొరికింది, అదీ చెత్తబండి మీద. ప్రాక్టీసుకి వెళ్తుంటే పాటలు పాడుకుంటూ ఎదురొచ్చిన ఆ బండి మీద రిసాలి నగర నిగమ్ అని కొత్త రంగుతో రాసి ఉంది. రిసాలీ ఒకప్పుడు ప్లాంట్ భూమి, తర్వాత భిలాయిలో కలిసింది, ఇప్పుడు వేరే మునిసిపాలిటీ. టౌన్‌షిప్పుకి మూడు కాలేజీలతో విడిగా జోన్ ఎందుకని ఏనాడో ఎవరో అడిగితే కమిటీలో రమాకాంత్ చెప్పిన జవాబు అతనికి గుర్తొచ్చింది. టౌన్‌షిప్పుని నడిపేది ప్లాంట్, భిలాయిని నడిపేది మునిసిపాలిటీ. పరిపాలన వేరైతే జోన్ వేరు. అందరూ తలలూపారు. అదే రూలైంది.

పరిపాలన వేరైతే జోన్ వేరు. రిసాలీ పరిపాలన వేరు. రిసాలీలో ఉన్నవి రెండే కాలేజీలు, రెండోదాని జట్టుకి బూట్లు కూడా సరిగా లేవు. అంటే ఒక్క ఆట గెలిస్తే తన జట్టు జోన్ చాంపియన్. సీడులు నాలుగే, చాంపియన్లు ఐదుగురు. ఎవరో ఒకరు దిగాలి. పాత జోన్లన్నిటికన్నా చిన్నది టౌన్‌షిప్పు జోనే కాబట్టి దాన్ని భిలాయిలో కలపాలి. రమాకాంత్ కాలేజీ తొమ్మిది తోడేళ్ల మధ్యకి పోయి పడాలి. ఆలోచించిన కొద్దీ గురునాథరావుకి ఒళ్లు వేడెక్కింది. ఆ రాత్రి అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

కమిటీ మీటింగు సెక్టారులోని క్లబ్బు హాల్లో జరిగింది. గురునాథరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పల్లె జోన్ తరఫున నరేంద్ర ఉన్నాడు. ఛత్తీస్‌గఢీ మనిషి, ఒక పల్లె కాలేజీలో ఆటల మాస్టారు. చిన్నప్పుడు తెలుగువాళ్ల క్వార్టర్ల మధ్య పెరిగాడు కాబట్టి గురునాథరావు కనిపిస్తే తనకొచ్చిన తెలుగే మాట్లాడతాడు.

"ఏటి భయ్యా, పెళ్లికొడుకు లాగ వచ్చినావు?"

"పెల్లే. సూద్దువుగాని."

సమయం చూసి లేచి నిలబడి, మెల్లగా, మర్యాదగా తన మాట చెప్పాడు గురునాథరావు. చివర్లో, "ఇది నా మాట కాదు సార్, తమరి మాటే. రూల్ ఈజ్ రూల్ గదా" అన్నాడు.

ఎవడో కిసుక్కుమన్నాడు. గురునాథరావు కళ్లార్పకుండా రమాకాంత్ పెదాల వైపే చూస్తున్నాడు. ఇప్పుడు చావాలి నవ్వు. ఇప్పుడు.

రమాకాంత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కరెక్టే. రావ్ చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్. రిసాలీకి జోన్ ఇవ్వాల్సిందే." నవ్వు ఇంకాస్త వెడల్పయింది. "అయితే సీడ్స్ నాలుగే. దుర్గ్ ట్రైన్‌లో బెర్త్ ఊరికే పుట్టదు కదా, ఎవరో దిగాలి. పల్లెలకి విడిగా మునిసిపాలిటీ ఏదీ లేదు. పరిపాలనంతా దుర్గ్ నుంచే. కాబట్టి పల్లె జోన్‌ని దుర్గ్‌లో కలిపేద్దాం. లాజిక్ అదే కదా, రావ్? నువ్వు చెప్పిందే."

గురునాథరావు నోరు తెరిచాడు. పక్కన నరేంద్ర తలెత్తి అతని వైపు చూస్తున్నాడు. ఇప్పుడు కాదంటే తన జోన్ పోతుంది. జోన్ పోతే సీడు పోతుంది. సీడు పోతే రమాకాంత్ కాలేజీతో వాడి లాగే తాజాగా తలపడే రోజు ఈ జన్మకి రాదు. ముందు వీణ్ణి పడగొట్టాలి, నరేంద్ర సంగతి తర్వాత.

"అదే సార్" అని కూర్చున్నాడు.

నరేంద్ర తన కుర్చీని కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

ఆ ఏడు నరేంద్ర జట్టు దుర్గ్ జోన్‌లో రెండోదైంది. పొలం పనులు చేసి రాటుదేలిన కాళ్లు వాళ్లవి. గురువారం పొద్దున్నే బస్సు దిగి మొదటి రౌండు ఆడారు. గురునాథరావు జట్టు గ్యాలరీలో కూర్చుంది. కెప్టెన్ శరత్ పల్లీల పొట్లం అందరికీ పంచుతున్నాడు. గురునాథరావు ముందుకి చాపాడు. అతను ఒక గింజ నోట్లో వేసుకుని, రుచి తెలియక, మిగతావి జేబులో పోసుకున్నాడు.

శుక్రవారం రిసాలీ పిల్లలు సులువుగా గెలిచారు. శనివారం సెమీఫైనల్‌కి రమాకాంత్ కాలేజీ ఎదురొచ్చింది. ఇద్దరూ పడుకుని లేచినవాళ్లే, ఇద్దరికీ రెండో ఆటే. గురునాథరావు పిల్లలకి ఒకటే చెప్పాడు: "ఆలు ఎప్పుడూ అలిసిపోయినోల్లతోటే ఆడినారు. అలిసిపోనోడు ఎలాగుంతాడో సూపించండి." చూపించారు. రెండు గోల్స్ కొట్టారు. మూడోది పోలుకి తగిలి తిరిగొచ్చింది. టౌన్‌షిప్పు పిల్లలు ఏడ్చారు. గురునాథరావు వాళ్లని చూడలేదు, వీఐపీ కుర్చీల వైపు చూశాడు.

రమాకాంత్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నవ్వుతూ.

ఆట అయ్యాక తనే దిగొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "శభాష్ రావ్! చూశావా, మన సిస్టమ్ వల్లే కదా కొత్త కాలేజీ పైకొచ్చింది? రేపు చీఫ్ గెస్ట్ రాష్ట్ర అసోసియేషన్ నుంచి వస్తున్నారు. ఈ జోన్ల పద్ధతే రాష్ట్రమంతా పెట్టించాలని నా ప్రయత్నం. నీకంటే మంచి ఉదాహరణ నాకెక్కడ దొరుకుతుంది?"

మన సిస్టమ్. ఆ 'మన' గురునాథరావు వీపు మీద చీమలా పాకింది. ఇంటికెళ్లి సబ్బు రుద్దుకుని స్నానం చేసినా పోలేదు.

"గెలిసినావు గదా, ఇంకేటి?" అంది భాగ్యరేఖ.

"గెలిసినాను. ఆడోడిపోలేదే!"

ఆదివారం ఫైనల్. ఎదురుగా నరేంద్ర జట్టు. నాలుగో రోజు, నాలుగో ఆట. వాళ్ల పిల్లలు ఆవాల నూనె రాసుకుని దిగారు, ఆ వాసన గాలిలో ఇటు దాకా వస్తోంది. మొదటి సగమంతా రిసాలీని ఊపిరాడనివ్వలేదు వాళ్లు. శరత్ రెండుసార్లు లైను మీద నుంచి బంతిని తన్ని కాపాడాడు. రెండో సగం సగానికొచ్చేసరికి గురునాథరావుకి బాగా తెలిసిన దృశ్యం మొదలైంది: ఒకడు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు, ఇంకొకడు వంగి మోకాళ్లు పట్టుకున్నాడు. ఆట ఇక కొద్దిసేపట్లో ముగుస్తుందనగా వాళ్ల డిఫెండరు పరుగెత్తుతూ పరుగెత్తుతూ పిక్క పట్టేసి గడ్డి మీద కూలబడ్డాడు. వాడు కూలిన సందులోంచి శరత్ దూరి గోలు కొట్టాడు.

రిసాలీ గెలిచింది. పిల్లలు కేకలు వేస్తూ వచ్చి గురునాథరావుని ఎత్తుకున్నారు. ఆ ఎత్తు నుంచి అతనికి టచ్‌లైన్ అవతల, పిల్లవాడి కాలు ఒళ్లో పెట్టుకుని పాదాన్ని వెనక్కి నొక్కుతున్న నరేంద్ర కనిపించాడు. నరేంద్ర తలెత్తలేదు.

బహుమతుల వేదిక మీద రమాకాంత్ మైకు అందుకున్నాడు. పక్క కుర్చీలో పూలదండతో ముఖ్య అతిథి. "ఎనిమిదో క్లాసు కూడా దాటని ఒక కాంట్రాక్టు లేబర్, జోన్ల పద్ధతి ఉండబట్టే, ఈ రోజు కప్పు అందుకుంటున్నాడు. ఇంతకంటే న్యాయం ఎక్కడుంది? ఆ మాట అతని నోటే విందాం. రావ్, ఇలా రా" అన్నాడు హిందీలో.

ఏడాదిగా గురునాథరావు దగ్గర ఒక ఉపన్యాసం ఉంది. సైకిల్ మీద, బాత్‌రూములో, కంచం ముందు అరగదీసి అరగదీసి పదును పెట్టుకున్నది. రమాకాంత్‌ని ఓడించిన రోజున మొహం మీద కొట్టాలని దాచుకున్నది. మైకు పట్టుకున్నాక తెలిసింది, అందులోని ప్రతి మాటా ఇప్పుడు తనకే తగులుతుంది. పడుకుని లేచినవాడు తను. ఉత్తుత్తి జోన్ గెలిచినవాడు తను. కింద తన పిల్లలు కప్పు చుట్టూ చేతులు వేసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, తమ గురించి సార్ ఏం చెబుతాడా అని చూస్తున్నారు. రెండు మాటలు పొగిడి దిగిపోవచ్చు.

పక్కకి చూశాడు. రమాకాంత్ నవ్వుతున్నాడు.

గురునాథరావు హిందీలో మొదలుపెట్టాడు. "ఈ కప్పు మేం గెలవలేదు. గురువారం మేం గ్యాలరీలో పల్లీలు తిన్నాం. ఇదిగో," అని జేబులో చెయ్యి పెట్టి గింజలు తీసి చూపించాడు. "ఆ పల్లె పిల్లలు ఆ రోజు ఆడారు. ఇవాళ వాళ్ల కాళ్లు పడిపోతే మేం గోలు కొట్టాం. మా జోన్‌లో ఉన్నవి రెండు కాలేజీలు. ఒక్క ఆట గెలిచి మేం చాంపియన్లం. ఈయన జోన్‌లో మూడు. ఈయన అల్మారాలో ఉన్న కప్పులన్నీ ఇలా వచ్చినవే." అక్కడి నుంచి కోపం పెరిగి భాష తెలుగులోకి జారిపోయింది. "పడుకుని లేసినోడికి కప్పు, పరిగెత్తినోడికి సప్పట్లు! ఇదా నేయం? నిరుడు నా మేనల్లుడి కాలు మింగినాడు. ఈ ఏడు ఈ పల్లెటూరోల్ల జోన్ మింగి నాకెట్టినాడు. నానెందుకు తిన్నాను? ఈడి పక్కన నిలబడి ఈ మాటనడానికే తిన్నాను!"

ఆ ఆఖరి మాట అబద్ధం. తిన్నప్పుడు ఇలా అనాలని అతనికి లేదు. కాని అనేశాక నిజంలాగే ఉంది.

మైదానంలో సగం మందికి సగమే అర్థమైంది. ఆ సగం చాలింది. వెనక వరసలో ఎవడో ఈల వేశాడు, ఆ ఈల నలుమూలలా అంటుకుంది. ముఖ్య అతిథి మెల్లగా దండ తీసి కుర్చీ చేతికి తగిలించాడు. "రమాకాంత్‌జీ, మీ జోన్ల సంగతి ఇక వద్దులెండి" అని మైకుకి వినబడేంత దగ్గర్లో అని, లేచి కారు వైపు నడిచాడు.

అప్పుడు చచ్చింది. మొదట పెదాల చివర్లు కిందికి దిగాయి, తర్వాత బుగ్గలు జారాయి. నోరు ఏదో అనబోయి ఊరికే తెరుచుకుని ఉండిపోయింది. రమాకాంత్ ఒక్కసారిగా ముసలివాడయ్యాడు. గురునాథరావు తొందర పడలేదు. సినిమా హాల్లో టికెట్టు కొని కూర్చున్నవాడిలా, కదలకుండా, చూడవలసినంత సేపూ చూశాడు.

మెట్లు దిగేసరికి శరత్ ఎదురుగా ఉన్నాడు. కళ్లనిండా నీళ్లు.

"సార్, యే క్యా బోల్ దియా? ఏమనేశారు మీరు? మేం దొంగలమా?"

"నిన్ననలేదురా. ఆణ్ణన్నాను."

"కప్పు మా చేతిలో ఉంది సార్, ఆయన చేతిలో కాదు." శరత్ కప్పుని గురునాథరావు కాళ్ల దగ్గర గడ్డి మీద పెట్టాడు. "మీరే ఉంచుకోండి." జట్టంతా వాడి వెనకే వెళ్లి టెంపో ఎక్కింది. టెంపో ఆగలేదు.

నరేంద్ర తన పిల్లవాణ్ణి భుజం మీద వేసుకుని బస్సు వైపు వెళ్తున్నాడు. గురునాథరావు కప్పు తీసుకుని ఎదురెళ్లాడు. "ఇది నీది, నరేందర్. పట్టుకెల్లిపో."

నరేంద్ర కప్పు వైపు చూడనైనా లేదు. "ఇప్పుడు చెప్తున్నావు భయ్యా. ఆ రోజు మీటింగ్‌లో నీ నోరు కిధర్ పోయింది?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

గేటు దగ్గర లక్ష్మీప్రసాద్ స్కూటీ మీద కూర్చుని ఉన్నాడు, ముడవడం కష్టమైన కాలుని పక్కకి చాపుకుని. వేదిక ముందు నిలబడి అంతా విన్నాడు వాడు. మేనమామని, కప్పుని, ఖాళీ అవుతున్న మైదానాన్ని చూసి, "ఎక్కు మావా" అన్నాడు.

గురునాథరావు కప్పు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. రోడ్డు గతుకుల్లో కప్పు మూత టకటక కొట్టుకుంటోంది.

"ఆడి మొకం సూసినావేటి?" అన్నాడు గురునాథరావు.

"సూసినాను."

"నవ్వు పోయింది గదా?"

"పోయింది మావా."

"ఎలగ పోయింది? సెప్పు."

లక్ష్మీప్రసాద్ చెప్పాడు. పెదాలు ఎలా దిగాయో, నోరు ఎలా తెరుచుకుందో, కారు వెనక నాలుగడుగులు వేసి ఎలా ఆగిపోయాడో చెప్పాడు. చెప్పడం అయిపోయింది. స్కూటీ రిసాలీ మలుపు తిరిగింది. కాలేజీ గేటు ముందు టెంపో ఆగి ఉంది, దాని చుట్టూ ఎవరూ గంతులు వేయడం లేదు. లక్ష్మీప్రసాద్ వేగం తగ్గించాడు.

"ఆపకు" అన్నాడు గురునాథరావు, కప్పు మూతని అరచేత్తో అదిమిపట్టి. "మల్లీ సెప్పు."